మా కొండల్లో తిరిగిన హైమన్‌డార్ఫ్

ఈసారి గోడపత్రికకి ఒక గొప్పవాళ్ల జీవితం రాయమన్నారు మాస్టారు. నేను హైమన్‌డార్ఫ్ గారిని ఎంచుకున్నాను. ఎందుకంటే ఆయన మా కొండరెడ్ల పాపికొండల్లో తిరిగిన మనిషి.

ఆయన 1909లో ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో పుట్టారు. 1939లో యుద్ధం వచ్చేసరికి మన దేశంలో ఉన్నారు. జర్మనీ పాస్‌పోర్టు ఉందని బ్రిటిష్‌వాళ్లు ఆయన్ని శత్రుదేశస్థుడి కింద లెక్కేసి, నిజాం రాజ్యం దాటి పోకూడదన్నారు. ఆ నిర్బంధమే ఆయన్ని అడవికి పంపింది! ముందు నల్లమల చెంచుల దగ్గర ఉన్నారు. తర్వాత భార్య బెట్టి గారితో గోదారి ఒడ్డున మా ఊళ్లకొచ్చారు.

అప్పుడు మావాళ్లు కలప వ్యాపారుల చేతిలో ఉండేవాళ్లు. షావుకారు అప్పిచ్చి, దాని కింద వెదురు నరికించేవాడు. ఆ వెదురు తెప్పలుగా గోదారి మీద రాజమండ్రి పోయేది. ఎంత నరికినా అప్పు తీరేది కాదు. లెక్క రాసేది షావుకారే కదా! ఇవన్నీ ఆయన సర్కారుకి నివేదించారు, 1945లో పుస్తకంగా కూడా వేశారు.

1940లో కొమురం భీం చనిపోయాక గోండుల సంగతి చూడమని సర్కారు ఆయన్ని పంపింది. మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇప్పించారు, భూములకి పట్టాలు ఇప్పించారు. 1970లలో మళ్లీ వచ్చి చూస్తే ఆ భూములు చాలావరకు బయటివాళ్ల పాలయ్యాయి. మంచి అధికారి వెళ్లిపోతే అంతే మరి. 1987లో బెట్టి గారు పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు.

ఇది చదువుతుంటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. పోలవరం ప్రాజెక్టు వల్ల ఊరు వదిలి కాలనీకి వచ్చాం. పాత ఇల్లు వెదురుతో, మట్టితో తాతే కట్టాడు. కారితే తనే ఎక్కి కప్పేవాడు. ఇప్పటి స్లాబు కారితే ఎవరికి చెప్పాలో తాతకి తెలీదు, మాకూ తెలీదు. 1996 నాటి పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో పథకాల లబ్ధిదారుల్ని ఎంచాల్సింది గ్రామసభ. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అనే చోట సర్కారు ఇళ్ల నిర్వహణ ఆదివాసీ సంఘాలకే అప్పజెప్పారని మాస్టారు చెప్పారు. మరి మా కాలనీ బాగుచేసే డబ్బూ, లెక్క పుస్తకమూ మా సభకే ఇవ్వచ్చు కదా అంటున్నాడు నాన్న. వచ్చే గ్రామసభలో అదే అడుగుతారట. ఏ ఇంటికి ఎక్కడ కారుతోందో ముందే రాసి పెట్టమని నాకు నోటుబుక్కు కొనిచ్చారు. ఇప్పటికి పదకొండు ఇళ్లు రాశాను.