క్షతగాత్రుల చుట్టము లారే

నెపోలియన్ చక్రవర్తి 1821 ఏప్రిల్ మాసమున, సెంట్ హెలీనా ద్వీపమున బందీగా నుండి, తన మరణశాసనమును స్వహస్తముతో వ్రాసెను. తన్ను కొలిచిన సేనానులకును పరిజనులకును ఆయన అందు ధనము పంచిపెట్టెను. ఒక శస్త్రవైద్యునికి లక్ష ఫ్రాంకులు వ్రాసి, తానెరిగిన వారిలో ఇతనికంటె ధర్మపరుడు లేడను అభిప్రాయమును గూడ చేర్చెను. పరులను గూర్చి మంచిమాట చెప్పుట నెపోలియన్‌కు అంతగా అలవాటులేదు. కావున ఆ మాటకు విలువ హెచ్చు. ఆ వైద్యుడు డొమినిక్ లారే.

లారే 1766 జూలై 8వ తేదీన ఫ్రాన్సు దక్షిణపు సరిహద్దున, పిరెనీసు పర్వతముల నడుమనున్న బోదెయాన్ అను పల్లెలో జన్మించెను. బాల్యముననే తండ్రిని గోల్పోయి, తూలూజు నగరమున ప్రసిద్ధ శస్త్రవైద్యుడుగా నున్న తండ్రి సోదరుని ప్రాపున పెరిగి, ఆయనయొద్దనే వృత్తి నేర్చెను. పిమ్మట పారిసు చేరి దెసో అను మహావైద్యుని శిష్యుడయ్యెను. కొలదికాలము నౌకాదళమున కొలువు చేసి న్యూఫౌండ్లండువరకు పోయి వచ్చెను గాని, సముద్రము ఆయన ఒంటికి పడలేదు. 1792లో రైన్ నదీప్రాంతపు సేనలో చేరెను. అప్పటికాయన వయస్సు సుమారు ఇరువదియారేండ్లు.

ఆ కాలపు ఫ్రెంచి సైనికనిబంధనల ప్రకారము వైద్యపు బండ్లు సేనకు ఒక లీగు, అనగా సుమారు రెండున్నర మైళ్లు, వెనుకనే నిలువవలెను. పోరు ముగిసిన పిమ్మట గాయపడినవారిని ఒకచోట చేర్చి, ఆ బరువైన బండ్లు వచ్చువరకు వేచియుండుట ఆచారము. ఇరువదినాలుగు గంటలో, ముప్పదియారు గంటలో గడచిన తరువాత గాని వైద్యుని చేయి గాయముపై పడదు. ఈలోగా నెత్తురోడి కొందరు, దప్పికచే కొందరు, రాత్రి చలిచే కొందరు మరణించుచుండిరి. ఓటమి కలిగినచో మిగిలినవారందరును శత్రువుపాలే. ఇదంతయు సైనికునికి ముందే తెలియును. తెలిసియు వాడు ముందునకు నడువవలెను.

రైన్ తీరపు సమరములలో గుర్రములు లాగెడి తేలిక ఫిరంగులు మెరుపువలె తిరుగుట లారే గమనించెను. ఫిరంగిని అంత వేగముగా రణభూమికి చేర్చగలిగినపుడు, గాయపడినవానిని అంత వేగముగా వెలుపలికి ఏల చేర్చరాదని ఆయనకు తోచెను. 'ఎగిరెడి అంబులెన్సులు' అని పేరొందిన ఏర్పాటు ఇట్లు పుట్టినది. 1797లో ఇటలీ దేశమున అది పూర్తి రూపము దాల్చెను. మూడు విభాగములు, ప్రతి విభాగమునకు 12 తేలిక బండ్లు, 4 పెద్ద బండ్లు. తేలిక బండికి రెండు చక్రములు, అందు ఇద్దరు పండుకొని పోవచ్చును. నాలుగు చక్రముల పెద్ద బండి నలుగురిని మోయును. గాలికి చిన్న కిటికీలు. నేలపలక చిన్న చక్రములపై జారి వెలుపలికి వచ్చును. దానిపై తోలు తొడిగిన పరుపు. విరిగిన కాలుగలవానిని చంకలు పట్టి ఈడ్వనక్కర లేకుండ చేసిన ఉపాయమది. ఇదే కాలమున పెర్సీ అను మరియొక ఫ్రెంచి శస్త్రవైద్యుడు, వైద్యులను యుద్ధభూమికి చేర్చు బండిని కల్పించెను. గాయపడినవానిని వెనుకకు తెచ్చు బండి మాత్రము లారేది.

బండికన్న గొప్పది ఆయన పెట్టిన నియమము. ఎవని గాయము ప్రమాదకరమో వానికి తొలుత చికిత్స. వాడు సేనాధిపతియా, తప్పెట వాయించు కుఱ్ఱవాడా యనునది లెక్కలోనికి రాదు. పడినవాడు శత్రువైనను అదియే న్యాయము. పుట్టుకయు పదవియు మనుష్యుని వెలకట్టు లోకమున, చావుబ్రతుకుల వాకిట ఒక పంక్తి మాత్రము సమముగా నడచెను. వేయి ఉపన్యాసములు సాధింపలేని సమత్వమును, నెత్తురంటిన చేతులతో ఈ వైద్యుడు సాధించెననిన తప్పులేదు.

ఆయన శస్త్రము తీవ్రమైనది. నుజ్జయిన కాలుచేతులను మొదటి ఇరువదినాలుగు గంటలలోనే ఖండింపవలెనని ఆయన వాదము. క్రిములవలన పుండు చీము పట్టునను జ్ఞానము అప్పటికి లేదు. మత్తుమందు 1846వరకు వైద్యశాలలలో వాడుకకు రాలేదు. ఆలస్యమయినకొలది జ్వరము, కుళ్లు, మరణము. కావున నిమిషములలో ముగించు హస్తలాఘవమే కరుణ. 1812 సెప్టెంబరు 7వ తేదీన జరిగిన బొరొదినో సమరమునందు ఒక్క అహోరాత్రములో ఆయన సుమారు 200 అంగచ్ఛేదములు చేసెను. 1807 ఫిబ్రవరిలో ఐలా యుద్ధభూమిని మంచు కప్పినపుడు, చలికి మొద్దుబారిన అవయవములను కోయునపుడు బాధ తక్కువగా నుండుటను గుర్తించి వ్రాసిపెట్టెను. ఈజిప్టు ఎడారిలో బండ్లు దిగబడుటచే, ఒంటెకు ఇరుప్రక్కల రెండు పెట్టెలు కట్టించి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్కరిని పరుండబెట్టించెను. 1809 మే నెలలో వియన్నా చెంత డాన్యూబు నదిలోని లోబౌ ద్వీపమున, వంతెన తెగి వేలకొలది క్షతగాత్రులు అన్నము లేక చిక్కుకొనిరి. లారే గుర్రములను చంపించి, ఆశ్వికుల ఇనుపకవచములనే కుండలుగా పొయ్యిపై నెక్కించి, ఉప్పునకు బదులు తుపాకిమందు చల్లి కషాయము కాయించి త్రాగించెను. శాకాహారులైన మన పాఠకులకు ఇది జుగుప్స కలిగింపవచ్చును. ఆ రాత్రి అది ప్రాణము నిలిపినది.

నెపోలియన్ దండయాత్రలు న్యాయమైనవని మనమనజాలము. ఈజిప్టు ఆయనకేమి అపకారము చేసినది? స్పెయిన్ ఏమి చేసినది? పరరాజ్యములపై బడిన సేనకు లారే ఆజన్మాంతము సేవ చేసెను. ఆ ప్రశ్న ఆయన మనస్సును కలచినట్లు కానరాదు. తన స్మృతిగ్రంథములలో స్వాతిశయమును గూడ దాచుకొనలేదు. ఇవి యుండగనే, ఆ సేనలోని సామాన్యుడు తన సేనానుల నెవ్వరిని నమ్మనంతగా ఈయనను నమ్మెను. ఆ నమ్మకము ఎట్టిదో 1812 నవంబరు కడపట బెరెజినా నదియొద్ద తెలిసినది. మాస్కోనుండి మరలివచ్చు సేన, వెనుక శత్రువు తరుముచుండ, రెండు వంతెనలపై త్రొక్కిసలాడుచుండెను. ఒకరినొకరు నీటిలోనికి త్రోసికొనుచున్న దినమది. శస్త్రముల పెట్టెలకొరకు వెనుకటి గట్టునకు పోయిన లారే ఆ గుంపులో చిక్కుకొనెను. ఎవడో ఆనవాలు పట్టెను. అంతట ఆయన పేరు నోటనుండి నోటికి ప్రాకినది. తమ ప్రాణమునకే దారిలేని ఆ సైనికులు ఆయనను చేతులమీదుగా ఒకరికొకరు అందించుకొనుచు ఆవలిగట్టునకు చేర్చిరి.

ఆ ఋణమును తీర్చుకొను అవసరము ఆరుమాసములలోనే వచ్చినది. రష్యాలో నశించిన సేనకు బదులు నెపోలియన్ 1813లో పసివాండ్రను చేర్చుకొనెను. మే నెలలో లుట్జెన్, బౌట్జెన్ అను తావుల జరిగిన పోరులందు ఈ కుఱ్ఱవాండ్రలో అనేకులకు వ్రేళ్లకును అరచేతులకును గుండుదెబ్బలు తగిలెను. కొలువు తప్పించుకొనుటకై వీరు తమ్ముతామే కాల్చుకొనిరని కొందరు సేనానులు చక్రవర్తి చెవినివేసిరి. ఆయన మండిపడెను. నేరము రుజువైనచో మరణశిక్షయే. ముందుగా వైద్యుల అభిప్రాయము కోరబడెను. గాయమును చూచినంతమాత్రమున అది స్వహస్తకృతమో, పరులవలన తగిలినదో తేల్చుటకు శాస్త్రమున ఆధారము లేదని లారే చెప్పెను. ఆ జవాబు చక్రవర్తికి నచ్చలేదు.

డ్రెస్డెన్ నగరముచెంత విచారణ జరిగెను. వైద్యసంఘమునకు లారేయే అధ్యక్షుడు. ప్రభువు మనసెరిగి నాలుగు పేర్లు వ్రాసియిచ్చిన ఆయనకు నష్టము లేదు. అట్టి సలహా చెప్పువారు ఏ ఆస్థానమునకును కొదువ గారు. లారే 2,632 మందిని పరీక్షింపజేసెను. దెబ్బ ఏ భంగిమలో, ఏ స్థలమున తగిలెనో ప్రతివాని సంగతియు విచారింపబడెను. తేలిన విషయమిది: ఫ్రెంచి పటాలము మూడు వరుసలుగా నిలిచి కాల్చును, తర్ఫీదులేని వెనుకటి వరుసలవారి గుండ్లు ముందున్నవారి ఎత్తిన చేతులకే తగిలినవి. మఱియు కొండనెక్కుచు పోరాడినవారికి, పైనున్న శత్రువు కాల్పులు తుపాకి పట్టిన చేతికే ముందు తగులును. ఒక్కనిపైనను నేరము రుజువు కాలేదు.

ఈ నివేదికను లారే తానే చక్రవర్తికి అందించెను. నెపోలియన్ మొగము చిట్లించుకొని చదివెనందురు. చదివిన పిమ్మట తన తప్పు గ్రహించెను. ఆ రాత్రియే వజ్రములు పొదిగిన తన చిత్రపటమును, కొంత బంగారమును లారేకు పంపి, వార్షికభరణము నొకటి ఏర్పరచెను. ప్రభువు తప్పు దిద్దుకొనుట ఆయన ఘనత. ప్రభువు కోపమున నున్నపుడే నిజము పలుకుట లారే ఘనత. రెండవది అరుదు. గాయమునకు కట్టుకట్టుటతో తన పని తీరినదని ఆయన తలపలేదు. ఆ గాయముగలవాని పరువును కాపాడుటయు వైద్యము క్రిందనే జమకట్టెను.

1815 జూన్ 18వ తేదీన వాటర్లూలో లారే గాయపడి ప్రష్యనులకు చిక్కెను. ఆయన దుస్తులును రూపమును చూచి నెపోలియనే యని భ్రమించిరి. కాడని తెలిసినపిమ్మట కాల్చివేయ నిశ్చయించిరి. కన్నులకు గంతలు కట్టవచ్చిన ప్రష్యన్ వైద్యుడు, పూర్వము బెర్లినులో ఆయన ఉపన్యాసములు వినినవాడు, గుర్తించెను. ప్రష్యన్ సేనాపతి బ్లూషర్ కుమారునికి లారే లోగడ ప్రాణదానము చేసియుండెను. శత్రువుకు చేసిన చికిత్స ఇట్లు ఫలించినది. బ్లూషర్ ఆయనను గౌరవముతో విడిపించెను.

రాజరికము మరల వచ్చినపుడు లారే పదవియు భరణమును పోయినవి. భరణము 1818లో తిరిగి వచ్చెను. తరువాత ముదుసలి సైనికుల ఆశ్రయమైన పారిసులోని ఇన్వాలీదుకు ప్రధాన వైద్యుడయ్యెను. డెబ్బదియైదేండ్ల ప్రాయమున, 1842లో, అల్జీరియాలోని సైనికవైద్యశాలలను తనిఖీచేయ బయలుదేరెను. మరలివచ్చుచు జబ్బుపడెను. జూలై 22వ తేదీన భార్య కన్నుమూసినది. ఆమెను చూడకయే జూలై 25వ తేదీన ఆయన లియోన్ నగరమున మరణించెను. దేహమును పారిసులోని పేర్ లషేజ్ శ్మశానమున ఖననము చేసిరి. నూటయేబది యేండ్లకు, 1992 డిసెంబరులో, ఆయన అస్థులను ఇన్వాలీదుకు తరలించిరి.