సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్

సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్ (జనవరి 7, 1827 - జూలై 22, 1915) స్కాట్లండులో జన్మించిన కెనడా ఇంజనీరు. ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం, దానికి అనుబంధంగా 24 కాలమండలాలు ఉండాలని ప్రతిపాదించి, అందుకై విశేష ప్రచారం చేసినవాడిగా ప్రసిద్ధుడు.

జీవిత విశేషాలు

ఈయన స్కాట్లండులోని కిర్కాల్డీ పట్టణంలో జన్మించాడు. 1845లో కెనడాకు వలస వెళ్ళాడు. 1849లో టొరంటోలో నెలకొల్పబడిన కెనడియన్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకులలో ఈయన ఒకడు. 1851లో వెలువడిన కెనడా తొలి తపాలా బిళ్ళను రూపొందించాడు. దానిపై బీవరు అనే జంతువు బొమ్మ ఉంటుంది. ఇంటర్‌కలోనియల్ రైలుమార్గానికి, తరువాత 1871 నుండి కెనడియన్ పసిఫిక్ రైలుమార్గానికి ముఖ్య ఇంజనీరుగా పనిచేశాడు. విమర్శల నడుమ 1880లో ఆ పదవి వదలవలసి వచ్చింది. అదే సంవత్సరం క్వీన్స్ విశ్వవిద్యాలయానికి ఛాన్సలరై, మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు.

ప్రామాణిక సమయం

ఆ రోజుల్లో ప్రతి ఊరూ సూర్యుని గమనాన్ని బట్టి తన గడియారాన్ని సరిచేసుకొనేది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కనుక, తూర్పు పడమరలుగా ఉన్న ఊళ్ళ సమయాలు కలిసేవి కావు. రైళ్ళు వచ్చిన తరువాత ఇది పెద్ద చిక్కయింది. 1876లో ఐర్లండులో కాలపట్టికలో ఉదయానికి బదులు సాయంత్రమని పొరపాటున అచ్చయినందువలన ఫ్లెమింగ్‌కు రైలు తప్పిపోయింది. పగటికీ రాత్రికీ వేరువేరు 12 గంటల లెక్క మాని 24 గంటల గడియారం వాడాలని ఈయన వాదించాడు. 15 డిగ్రీలకొక మండలం చొప్పున భూగోళాన్ని విభజించాలని 1879లో తన వ్యాసాలలో సూచించాడు. ఫ్లెమింగ్‌కు ముందే మరికొందరు ఇటువంటి ఆలోచనలు చేశారు కనుక ఈ ఘనత ఈయన ఒక్కడిదే కాదు.

1883 నవంబరు 18న ఉత్తర అమెరికా రైల్వేలు మండల సమయాలను అమలుపరచాయి. 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశానికి ఫ్లెమింగ్ ప్రతినిధిగా హాజరయ్యాడు. సమావేశం గ్రీనిచ్ రేఖాంశాన్ని, సార్వత్రిక దినాన్ని అంగీకరించింది కాని, కాలమండలాలను నిర్ణయించలేదు. వాటిని ఒక్కొక్క దేశమూ తరువాత తనకు తానుగా స్వీకరించింది.

భారతదేశంలో

భారతీయ రైళ్ళు మొదట మద్రాసు సమయాన్ని పాటించేవి. 1906 జనవరి 1 నుండి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా, గ్రీనిచ్ కంటే 5.30 గంటలు ముందుండే ప్రామాణిక సమయం అమలులోకి వచ్చింది. ఈ రేఖ ఆంధ్ర ప్రదేశ్‌లో కాకినాడ సమీపంగా పోతుంది. అరగంట తేడా ఉన్నందున ఇది ఫ్లెమింగ్ సూచించిన పూర్తి గంటల మండలాలలో ఇమడదు.

కంప్యూటర్ యుగంలో

ఫ్లెమింగ్ కోరిన ఏకసమయం నేడు డేటాబేసులలో నిత్యం వాడుకలో ఉంది. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులు మండలంతో కూడిన సమయాన్ని సమన్విత సార్వత్రిక సమయం (యూటీసీ) లోనికి మార్చి భద్రపరుస్తాయి. చూపేటప్పుడు మాత్రం వాడుకరి మండలానికి తగినట్లు మారుస్తాయి. ఉదాహరణకు హైదరాబాదులో జనవరి 1 ఉదయం 5 గంటలకు జరిగిన లావాదేవీ యూటీసీలో డిసెంబరు 31 రాత్రి 11.30 అవుతుంది. మండలం తెలుపకుండా స్థానిక సమయాన్ని మాత్రమే భద్రపరిస్తే, వేరువేరు దేశాల సంఘటనలలో ఏది ముందో ఏది వెనుకో తేల్చడం సాధ్యం కాదు. వేసవిలో గడియారం మార్చే దేశాలకు గంటల తేడా సంవత్సరం పొడవునా ఒకటిగా ఉండదు కనుక, ఆ తేడాకు బదులు ఆసియా/కోల్‌కతా వంటి మండల నామాన్ని వాడతారు.

చివరి దశ

1897లో ఈయనకు సర్ బిరుదు లభించింది. కెనడాను ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లతో కలిపే పసిఫిక్ సముద్రగర్భ టెలిగ్రాఫు తీగ కోసం ఈయన ఏళ్ళ తరబడి చేసిన కృషి 1902లో ఫలించింది. 1915లో హాలిఫాక్స్‌లో మరణించాడు.