రక్తపింజరకు పేరైన వైద్యుడు పాట్రిక్ రసెల్

మన హాస్టల్లో చదివినవాళ్ళలో పాము కథ ఒక్కటైనా లేనివాళ్ళు ఉండరు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, ఒక వానాకాలం రాత్రి బియ్యం గది తలుపు దగ్గర పొడవాటి పాము కనబడింది. కర్రల కోసం పరుగెత్తినవాళ్ళు కొందరు, బల్లలెక్కి కేకలు పెట్టినవాళ్ళు కొందరు. అయిదు నిమిషాల్లో చంపేశాం. మర్నాడు బడిలో గొప్పగా చెప్పుకున్నాం కూడా. పీజీలో జంతుశాస్త్రం చదువుతుంటే తెలిసింది, మేం చంపింది జెర్రిపోతని. దానికి విషం లేదు. బియ్యం మూటలు కొరికే ఎలుకల కోసం వచ్చింది. విషమున్న పాము ఏదో, లేనిది ఏదో మన తీరంలో శ్రద్ధగా తేల్చి రాసినవారిలో మొదటివాడు పాట్రిక్ రసెల్. ఆయన జీవితం మన హాస్టల్ మిత్రులకు తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రసెల్ 1727లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో పుట్టాడు. అక్కడే వైద్యం చదివాడు. ఆయన అన్న అలెగ్జాండర్ సిరియాలోని అలెప్పో నగరంలో ఇంగ్లీషు వ్యాపారుల వైద్యుడు. 1750లో తమ్ముడు కూడా అక్కడికి చేరి, తర్వాత అన్న స్థానంలో వైద్యుడయ్యాడు. 1760 నుంచి 1762 వరకు ఆ నగరాన్ని ప్లేగు వ్యాధి పీడించింది. రసెల్ ఊరు విడిచిపోలేదు. రోగం ఎలా వస్తున్నదో, ఎలా పాకుతున్నదో చూసి రాసుకున్నాడు. ఆ అనుభవంతోనే 1791లో ప్లేగు మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. కళ్ళతో చూసినదాన్ని ఓపికగా రాసి పెట్టుకోవడం ఆయనకు అలెప్పోలోనే అలవాటైంది.

1780ల మొదట్లో, యాభై ఏళ్ళు దాటిన వయసులో ఆయన మన దేశానికి వచ్చాడు. ఉద్యోగం కోసం కాదు. మరో సోదరుడు క్లాడ్ రసెల్ ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నానికి అధికారిగా వస్తుంటే తోడుగా వచ్చాడు. అప్పట్లో కంపెనీకి కోనిగ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉండేవాడు. 1785లో ఆయన చనిపోవడంతో ఆ పని రసెల్‌కి అప్పగించారు. అప్పటికి రసెల్ వయసు 58.

కొత్త దేశం, కొత్త భాష. అయినా చెట్లు, చేపలు, పాములు అన్నీ పట్టించుకున్నాడు. ఆనాడు పాము కరిచిందంటే, అది ఏ పామో తెలియక మనుషులు భయంతోనే సగం చచ్చిపోయేవారు. అందుకే చదువు రానివాడు కూడా విషపు పామును గుర్తించే తేలిక పద్ధతి కనిపెట్టాలనుకున్నాడు. పాములు తెప్పించి కోరలు, పొలుసులు పరీక్షించాడు. కోళ్ళను, కుక్కలను కరిపించి, విషం ఎంతసేపటికి ఎలా పనిచేస్తుందో లెక్క రాశాడు. ఈ రోజు అది క్రూరంగా కనిపిస్తుంది. నిజానికి క్రూరమే. కానీ ఆనాడు ఆయనకు తెలిసిన దారి అదే.

మనకు గర్వకారణమైన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన పాములకు సొంత పేర్లు పెట్టకుండా, మన జనం పిలిచే పేర్లే అడిగి రాసుకున్నాడు. మనం రక్తపింజర అనే పామును విశాఖ వైపు కాటుకరేకుల పొడ అనేవారట. దాని ఒంటి మీద గుండ్రటి మచ్చల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి అంచు ఉంటుంది. ఎంత చక్కని పేరు! బంగారు పాము అని మనవాళ్ళు చెప్పిన పేరు నుంచే కట్లపాముల జాతికి బంగారస్ అనే శాస్త్రీయ నామం వచ్చింది. కూలికి పోయే మన తాతల నోటి మాట ప్రపంచం చదివే పాఠమైంది.

1789లో రసెల్ తిరిగి వెళ్ళిపోయాడు. ఆయన పనిని సామర్లకోటలో ఉండే రాక్స్‌బర్గ్ అందుకున్నాడు. కోరమాండల్ తీరపు పాముల మీద రసెల్ రాసిన రంగు బొమ్మల పుస్తకం 1796లో వచ్చింది. మరుసటి ఏడాదే రక్తపింజరకు ఆయన పేరు పెట్టారు. 1803లో విశాఖ చేపలు 200 రకాల మీద మరో పుస్తకం వచ్చింది. 1805 జూలై 2న లండన్‌లో కన్నుమూశాడు. పాముకు ఆయన పేరు మిగిలింది గానీ, దాన్ని చూపించి తెలుగు పేరు చెప్పినవాడి పేరు ఏ పాముకూ పెట్టలేదు. చదువుకునే మనం ఆ సంగతి మరిచిపోకూడదు.

ఆ కాలంలో పాముకాటుకు తంజావూరు మాత్రలని పేరుపడ్డ మందు ఉండేది. రసెల్ దాన్నీ పరీక్షించాడు. నమ్మదగిన మందు మాత్రం ఆయనకు దొరకలేదు. అసలైన విరుగుడు మందు రావడానికి ఆయన పోయాక దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది.

మందు వచ్చినా మన దాకా రావడం ఆలస్యమవుతోంది. మా మేనత్త వరికోతలో ఉండగా రక్తపింజర కరిచింది. ముందు మంత్రం వేయించారు. ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. ఆమె బతకలేదు. 2018 వానాకాలంలో అవనిగడ్డ, మోపిదేవి వైపు పాముకాట్లు పెరిగి జిల్లా అంతా భయపడటం మీకు గుర్తుండే ఉంటుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని ఒక పరిశోధన అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది పల్లెల్లో పనిచేసుకునేవాళ్ళే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటికీ ఒకే విరుగుడు మందు ఉంది. కాబట్టి కరిచిన పామును వెతికి చంపుతూ కాలం పోగొట్టవద్దు. గాయం కోయవద్దు, నోటితో పీల్చవద్దు, బిగించి కట్టవద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 108కి ఫోన్ చేయండి. కట్లపాము రాత్రివేళ నిద్రలో కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. నేల మీద పడుకునేవాళ్ళు దోమతెర అంచులు చాప కిందికి దోపుకోండి. బియ్యం గదిలో ఎలుకలు లేకుండా చూసుకుంటే పాములూ రావు.

సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాటలు అమ్మకీ నాన్నకీ చెప్పండి. యాభై ఎనిమిదేళ్ళ వయసులో పరాయి దేశంలో కొత్త చదువు మొదలుపెట్టిన మనిషిని తలచుకుంటే, మనం నేర్చుకున్నది మన ఇంటికి చేర్చడం పెద్ద పని కాదు.