బెర్తా బెంజ్

పరుగెత్తు బండిని చూచి సంతోషించువారు పెక్కురు. దానిని నిలుపు సాధనమును గూర్చి ఆలోచించువారు కొందరే. అట్టివారిలో బెర్తా బెంజ్ ఒకతె.

ఈమె 1849వ సంవత్సరము మే 3వ తేదీన జర్మనీ దేశమునందలి ఫోర్ట్స్‌హైము నగరమున జన్మించెను. కార్ల్ బెంజ్ అను యువ ఇంజనీరును వరించి, తనకు అరణముగా రావలసిన ధనమును పెండ్లికి ముందే తీసికొని అతని కర్మాగారమును నిలబెట్టెను. 1872లో వారి వివాహము జరిగెను. పిదప ఆ కుటుంబము పెక్కు ఇక్కట్లకు లోనైనను ఆమె ధైర్యము వీడలేదు.

1886 జనవరి 29వ తేదీన కార్ల్ తాను నిర్మించిన మూడుచక్రముల మోటారు బండికి పేటెంటు కోరెను. పేటెంటు లభించినను బండిని కొనువారు కానరాలేదు. గుఱ్ఱము లేని బండి దూరప్రయాణమునకు పనికివచ్చునని లోకులు నమ్మలేదు. కార్ల్ మాత్రము దానికి మెరుగులు దిద్దుచునే యుండెను. ఇట్లే కాలము గడచినచో భర్త శ్రమయు, తమ ధనమును వృథా యగునని బెర్తా గ్రహించెను.

1888 ఆగస్టు మాసమున ఒకనాటి వేకువజామున ఆమె భర్తకు తెలియనీయక, పదునైదేండ్ల యూగెన్‌ను, పదమూడేండ్ల రిచర్డును వెంటబెట్టుకొని మాన్‌హైము నుండి పుట్టినింటికి బండిలో బయలుదేరెను. దూరము సుమారు 104 కిలోమీటర్లు. అంతకుముందు ఎవ్వరును మోటారు బండిపై అంత దూరము పోయి యుండలేదు.

త్రోవలో ఇంధనము తీరిపోగా, వీస్లోఖ్ పట్టణమున మందుల దుకాణములో లిగ్రోయిన్ అను ద్రవమును కొని పోసిరి. ఇంధనపు గొట్టము పూడిపోగా, బెర్తా తన టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచెను. మిట్టలు వచ్చినప్పుడు పిల్లలు దిగి బండిని త్రోసిరి.

పల్లమున దిగుట అంతకంటె ప్రమాదకరమయ్యెను. ఆ బండిలో చేతిమీటను లాగినచో కొయ్యదిమ్మెలు చక్రములను ఒరసికొని వేగమును తగ్గించును. మాటిమాటికి కలిగిన రాపిడిచే ఆ దిమ్మెలు అరిగిపోయెను. బ్రేకు పట్టనిచో తల్లీబిడ్డల ప్రాణములకే ముప్పు. అప్పుడు బెర్తా బౌష్లాట్ గ్రామమున చెప్పులు కుట్టువానిని పిలిపించి, దిమ్మెలపై తోలుముక్కలు బిగింపజేసెను. రాపిడి నంతయు తోలు భరించును, అది అరిగినచో దానిని మాత్రమే మార్చిన చాలును, దిమ్మె చెడదు. నేటి వాహనముల బ్రేకులందును ఘర్షణకు తాళు పొర ఒకటి యుండును. అది అరిగిపోయినప్పుడు క్రొత్తది వేయుదురు.

ప్రొద్దు క్రుంకిన పిదప వారు క్షేమముగా ఫోర్ట్స్‌హైము చేరిరి. బెర్తా వెంటనే భర్తకు తంతివార్త పంపెను. కొన్ని దినములకు తిరిగివచ్చి, బండియందు తాను కనుగొన్న లోపములను అతనికి తెలిపెను. మిట్టలెక్కుటకు తగిన గేరు నొకదానిని కార్ల్ అటుపిమ్మట బండికి చేర్చెను. ఈ ప్రయాణ వార్త వ్యాపించి, మోటారు బండిపై ప్రజలకు నమ్మకము కలుగసాగెను.

కార్ల్ 1929లో మరణించెను. 1944 మే 3వ తేదీన, తొంబదియైదవ జన్మదినమున, కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాపీఠము బెర్తాను గౌరవించెను. రెండు దినములకే ఆమె లాడెన్‌బర్గులో కన్నుమూసెను. ఆమె నడచిన ఆ త్రోవకు 2008లో ఆమె పేరు పెట్టిరి.

యంత్రమును నిర్మించుట గొప్ప పని. దానిని బాటపై నడిపి, అందలి చిన్న లోపమును సైతము కనిపెట్టి సరిదిద్దుటయు అంతటి గొప్ప పనియే.