శత్రువు వెండిపై విజయముద్ర: గౌతమీపుత్ర శాతకర్ణి జీవితము

ప్రతి ఉగాదినాడును పంచాంగశ్రవణ సమయమున శాలివాహన శకమను మాట మన చెవిని పడుచుండును. కుమ్మరివాని యింట పెరిగిన బాలుడొకడు మట్టితో ఏనుగులను, గుఱ్ఱములను, సైనికులను చేసి, వానికి ప్రాణము పోసి, విక్రమార్కుని జయించెనను కథను పెద్దలు పిల్లలకు తరతరములుగా చెప్పుచు వచ్చిరి. ఆ కథలోని శాలివాహనుని వెనుక నిలిచిన శాతవాహన రాజులలో మిక్కిలి ప్రసిద్ధుడు గౌతమీపుత్ర శాతకర్ణి. కాని క్రీ.శ. 78లో ఆరంభమైన ఆ శకమును స్థాపించినవాడు ఆయన కాడు. ఆయన తన శాసనములలో ఏ శకమును వాడలేదు; తాను సింహాసనమెక్కినది మొదలు గడచిన యేండ్లను మాత్రమే లెక్కించుకొనెను. ఆ శకము కనిష్కునిదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. దానిని తరతరములు తమ నాణెములపై వాడుకొన్నవారు పశ్చిమ భారతమునేలిన శకక్షత్రపులు. శకులను గెలిచిన వంశము పేరు శకులు వాడిన కాలగణనమునకే అంటుకొనుట చరిత్రలోని వింతలలో నొకటి.

కథను ప్రక్కనుంచి చూచినచో ఆయన జీవితమునకు ప్రధానమైన సాక్షులు రెండు మాత్రమే. ఒకటి గుహల గోడలపై చెక్కిన శాసనములు. రెండవది శత్రువుల ముద్రపై తన ముద్రను పొందిన వెండి నాణెములు. మొదటిది మాటలతో చెప్పును. రెండవది మాట యెక్కువ లేకయే రుజువు చూపును.

శాతవాహనులను పురాణములు ఆంధ్రులని పేర్కొన్నవి. వంశకర్తయగు శ్రీముఖుని పేరుగల నాణెములు గోదావరీతీరమున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో దొరకినవి. వారి రాజధాని ప్రతిష్ఠానము. అది నేటి మహారాష్ట్రములోని పైఠాన్. అదియును గోదావరి ఒడ్డుననే కలదు. ఈ వంశమున గౌతమీ బాలశ్రీ అను రాణికి శాతకర్ణి జన్మించెను. ఆ వంశపు రాజులు తల్లి పేరుతో తమ్ము తాము పేర్కొనుట వాడుక. గౌతమి కుమారుడు గనుక ఆయన గౌతమీపుత్రుడయ్యెను. ఆయన కాలము క్రీస్తుశకము మొదటి శతాబ్దియా, రెండవ శతాబ్ది ఆరంభమా అను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. ఇరువది నాలుగేండ్లకు తక్కువ గాకుండ పాలించెనని మాత్రము శాసనముల వలన నిశ్చయముగా తెలియుచున్నది.

ఆయన పట్టమునకు వచ్చునప్పటికి వంశము దీనదశలో నుండెను. క్షహరాత కులజుడైన నహపానుడను క్షత్రపుడు పశ్చిమ సముద్రతీరమును, నాసిక ప్రాంతమును ఆక్రమించి యుండెను. ఆ తీరమున భరుకచ్ఛము మొదలగు రేవులుండెను. రోమను సామ్రాజ్యమునుండి ఋతుపవనములను పట్టుకొని ఓడలు ఆ రేవులకు వచ్చుచుండెడివి. రోమను బంగారు, వెండి నాణెములను భరుకచ్ఛములో స్థానిక ద్రవ్యముతో మార్చినచో లాభము కలుగునని ఆ కాలపు గ్రీకు గ్రంథమగు పెరిప్లస్ తెలుపుచున్నది. కనుక రేవులు పోవుట యనగా భూమి పోవుట మాత్రమే కాదు. వెండి వచ్చు ద్వారము మూసుకొనిపోవుట.

ఆ ద్వారమును పట్టుకొన్న నహపానుడు చక్కని వెండి నాణెములను విరివిగా వేయించెను. వాని ఒక వైపున ఆతని ముఖము, చుట్టును గ్రీకు లిపిలో పేరు ఉండును. రెండవ వైపున బాణము, వజ్రాయుధము, బ్రాహ్మీ ఖరోష్ఠీ లిపులలో అక్షరములు ఉండును. ఆ నాణెములకు వలసిన వెండి రోమను దీనారములను కరగించి తీసినదేయని పలువురు పండితుల ఊహ. నహపానుని అల్లుడు ఋషభదత్తుడు నాసిక గుహలలోని భిక్షువుల కొఱకు 3,000 కార్షాపణములను సాలెవారి శ్రేణులయొద్ద వడ్డీకి నిలువచేసెను. ఆ దానమును గుహ గోడమీద చెక్కించెను. ధనము ఎవరి చేతనున్నదో దానకీర్తియు వారిదే యయ్యెను. శాతవాహనులు తమ పూర్వుల నేలపై పరుల కీర్తిని చదువుకొనవలసిన స్థితి వచ్చెను.

ఇచ్చట నాణెమునకు గల మరియొక శక్తిని గమనింపవలెను. ఆ కాలమున వార్తాపత్రికలు లేవు. రాజు గెలిచెనని సామాన్యునికి తెలియజేయు సాధనములలో నాణెము ముఖ్యమైనది. రోమను చక్రవర్తులు ఈ కిటుకును బాగుగా ఎరిగినవారు. అగస్టసు క్రీ.పూ. 30లో ఈజిప్టును జయించిన పిదప మొసలి బొమ్మతో నాణెములు వేయించెను. క్రీ.శ. 70లో జెరూసలేము పడిపోగా, వెస్పేసియను ఖర్జూరవృక్షము క్రింద కూర్చుండి దుఃఖించు స్త్రీమూర్తిని నాణెముల కెక్కించెను. ట్రాజను డేసియా, పార్థియా విజయములను ఆ విధముగనే చాటెను. అటువంటి చక్రవర్తుల నాణెములు మిరియములకు, సన్నని వస్త్రములకు, మణులకు మూల్యముగా మన దేశమునకు వచ్చి చేరినవి. నల్లగొండ ప్రాంతమున అక్కన్నపల్లిలో 1,500కు పైగా రోమను వెండి నాణెములు ఒక్కచోట దొరకినవి. మెదకు సీమలోని కొండాపురము త్రవ్వకములలో అగస్టసు బంగారు నాణెము లభించినది. నాగార్జునకొండలో టైబీరియసు నాణెము బయల్పడినది.

రోమను చక్రవర్తులు క్రొత్త లోహముపై తమ విజయమును ముద్రించుకొనిరి. శాతకర్ణి వేరొక మార్గమును త్రొక్కెను.

తన పాలనలో పదునెనిమిదవ యేట ఆయన నాసికమునకు దాపున గల గోవర్ధనములోని అమాత్యుడు విష్ణుపాలితునికి ఒక ఆజ్ఞ పంపెను. అది రాజప్రాసాదమునుండి గాక, జయించిన సేనల శిబిరమునుండి వెలువడిన ఆజ్ఞ. అంతవరకు ఋషభదత్తుడు అనుభవించుచుండిన 200 నివర్తనముల పొలమును త్రిరశ్మి పర్వతముపై నివసించు భిక్షువుల కిచ్చుచున్నానని అందలి సారాంశము. ఋషభదత్తుని పొలమును ఇచ్చు అధికారము శాతకర్ణికి వచ్చెననగా, ఆ నాటికి నహపానుని ప్రభుత్వము అచ్చట అంతరించెనని అర్థము. యుద్ధము ఎచ్చట జరిగెనో, ఎన్ని దినములు సాగెనో ఎవరును వ్రాసి పెట్టలేదు. ఒక పొలపు దానపత్రమే ఆ మహాయుద్ధమునకు తేదీ చెప్పుచున్నది. వైదికధర్మమును ఆదరించిన రాజు గెలిచిన వెంటనే బౌద్ధభిక్షువులను ఆదుకొనుట గమనింపదగిన విషయము.

ఈ విజయమునకు రెండవ సాక్షి సుమారు పదునెనిమిది వందల యేండ్లు భూమిలో నిదురించెను. 1906లో నాసిక సమీపమున జోగల్‌తెంబి గ్రామములో ఒక నిక్షేపము బయల్పడెను. అందులో సుమారు 13,250 వెండి నాణెములు కలవు. అన్నియును నహపానుని నాణెములే. కాని వానిలో 9,270కి పైగా నాణెములపై గౌతమీపుత్ర శాతకర్ణి ముద్ర మరల కొట్టబడి యుండెను. అనగా నూటికి డెబ్బది నాణెములు. ఒక వైపున మూడు కమానుల కొండ గుర్తును, చుట్టును రాజగు గౌతమీపుత్ర శ్రీ శాతకర్ణిదను అర్థమిచ్చు బ్రాహ్మీ అక్షరములును కలవు. రెండవ వైపున అడ్డగీత నిలువుగీతల కొనలయందు నాలుగు వలయములుండు గుర్తు కలదు. దీనిని నాణెశాస్త్రజ్ఞులు ఉజ్జయినీ చిహ్నమని పిలుతురు.

నాణెములను కరగించి క్రొత్తవి పోయించుట ఆయనకు అసాధ్యమేమియు కాదు. కాని ఉన్న నాణెముపైననే ముద్ర వేయుట త్వరగా ముగియు పని. బొగ్గుకు, కూలికి వ్యయము తగ్గును. సంతలో చెల్లుబాటు ఆగదు. అంతకంటె ముఖ్యమైన ఫలితము వేరొకటి కలదు. ముద్ర మరల కొట్టినప్పుడు పాత రూపము పూర్తిగా చెరిగిపోదు. చాల నాణెములపై శాతవాహనుల కొండ గుర్తు క్రిందనుండి నహపానుని ముక్కో, గడ్డమో, గ్రీకు అక్షరపు తునకయో నేటికిని తొంగిచూచుచున్నది. దానిని చేత పుచ్చుకొన్న వర్తకుడు ఓడినవానిని, గెలిచినవానిని ఒక్కసారిగనే చూచియుండును. ఇంతకంటె స్పష్టమైన విజయప్రకటన వేరొకటి ఉండునా? అక్షరములు రానివానికి సైతము అర్థమగు చరిత్ర అది.

ఆయన విజయముల విస్తృతి తల్లి చెక్కించిన శాసనము వలన తెలియుచున్నది. అశ్మకము, మూలకము, సురాష్ట్రము, కుకురము, అపరాంతము, అనూపము, విదర్భ, ఆకరావంతి మున్నగు దేశములు ఆయన యేలుబడిలో నుండినట్లు అందు కలదు. వీనిలో అశ్మకము నేటి బోధను ప్రాంతమని పలువురు తలచుచున్నారు. వింధ్య, సహ్య, మలయ, మహేంద్ర పర్వతములకు ఆయనను ప్రభువుగా వర్ణించిరి. ఆయన గుఱ్ఱములు మూడు సముద్రముల నీరు త్రాగినవని చెప్పిరి. శకులను, యవనులను, పహ్లవులను నిర్జించెననియు, క్షహరాత వంశమును నిర్మూలించి శాతవాహనుల యశస్సును మరల నిలిపెననియు కీర్తించిరి. తల్లి మాటలలో వాత్సల్యముతో కూడిన అతిశయముండుట సహజమే. ఐనను క్షహరాతుల పతనమును గూర్చి ఆమె చెప్పినదానికి జోగల్‌తెంబి నాణెములు వేల కొలది సాక్షులై నిలిచినవి. ఆమె కుమారుని పరాక్రమమును మాత్రమే పొగడలేదు. ధర్మము తప్పక పన్నులు గైకొనుటను, అపరాధియగు శత్రువును గూడ హింసింప నిచ్చగింపకపోవుటను, తల్లికి శుశ్రూష చేయుటను ఎంచి చెప్పినది.

తల్లీకొడుకుల అనుబంధమునకు రాజు స్వయముగా వ్రాయించిన సాక్ష్యము కూడ కలదు. పాలనలో ఇరువది నాలుగవ యేట ఆయన గోవర్ధనములోని శ్యామకుడను అమాత్యునికి పంపిన ఆజ్ఞలో తన పేరుతోపాటు రాజమాత పేరును చేర్చెను. ఈ ఆజ్ఞకు కారణమైన విషయమును విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. భిక్షువులకు పూర్వమిచ్చిన గ్రామములోని పొలమును ఎవరును దున్నుట లేదు. ఆ గ్రామములో జనులు కాపురముండుట లేదు. కావున నగరపు పొలిమేరలోని రాజక్షేత్రమునుండి 100 నివర్తనములను మారుగా ఇయ్యవలసినదని అందు కలదు.

ఆ గ్రామము ఏల పాడుపడెనో శాసనము చెప్పదు. యుద్ధము జరిగిన ప్రాంతమని మాత్రము మనకు తెలియును. వేలాది నాణెములపై విజయచిహ్నము మెరయుచు చేతులు మారుచున్న కాలముననే, ఆ విజయము వలన చేజిక్కిన పొలము బీడుపడి యుండెను. ఈ మాటను నాణెము చెప్పజాలదు. విజయముద్రకు నాలుక ఒక్కటే. అది గెలుపును మాత్రమే పలుకును. కాని గెలిచిన రాజు ఆ బీడును దాచిపెట్టక, తానిచ్చిన దానము ఫలింపలేదని ఒప్పుకొని, వేరొక భూమినిచ్చి సరిదిద్దెను. ఆ ఒప్పుకోలును రాతిపై చెక్కించుటకు వెనుదీయలేదు. వీరులు పెక్కుమంది కలరు. ఇట్టి ఒప్పుకోలును రాతి కెక్కించినవారు అరుదు.

ఆయన మరణమును గూర్చిన వివరములు లభింపలేదు. కుమారుడు వాసిష్ఠీపుత్ర పులుమావి రాజ్యమునకు వచ్చిన పందొమ్మిదవ యేట, వృద్ధురాలైన బాలశ్రీ త్రిరశ్మి పర్వతముపై గుహావిహారమును భిక్షువులకు సమర్పించెను. కుమారుని పోగొట్టుకొని ఇన్నేండ్లు గడచినను ఆతని గుణములను మరువక, గోడపై చెక్కించిన తల్లి శాసనమే నేడు మనకు ఆయన జీవితచరిత్రము.

విజయము శాశ్వతము కాలేదు. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనములో శకక్షత్రపుడు రుద్రదాముడు దక్షిణాపథపతి శాతకర్ణిని రెండుసార్లు ఓడించి, సంబంధము దగ్గరిది గనుక విడిచిపెట్టితినని చెప్పుకొనెను. బాలశ్రీ పేర్కొన్న సురాష్ట్రము, కుకురము, అపరాంతము, అనూపము, ఆకరావంతి అప్పటికి రుద్రదాముని పట్టికలో చేరినవి. రాజ్యము చేతులు మారెను. శత్రువు వెండిపై పడిన ముద్ర మాత్రము మారలేదు.

ఆ ముద్ర మనవరకు వచ్చుటకు కారణము, 1906లో దొరకిన నాణెములు కంసాలి మూసలో పడకుండుట. అవి పండితుల చేతికి చేరినవి, ఒక్కొక్కటిగా లెక్కింపబడినవి. అన్ని నిక్షేపములకు ఈ భాగ్యము కలుగలేదు. 1786లో నెల్లూరు సమీపమున నాగలికి తగిలి ఒక రైతునకు రోమను బంగారు నాణెముల కుండ దొరకెను. ట్రాజను, హేడ్రియను, ఫాస్టీనాల నాణెములు కొన్ని మాత్రమే దక్కినవి. తక్కినవి బంగారపు ముక్కలుగా అమ్ముడుపోయి కరగిపోయినవి. వానిపై ఏ యుద్ధపు గాథ ఉండెనో ఇక ఎవరును చెప్పలేరు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినచో కలెక్టరుకు తెలియజేయవలెను. ఆ చట్టము నేటికిని అమలులో నున్నది.

ఖమ్మము సమీపమున నేలకొండపల్లి దిబ్బల క్రింద బౌద్ధస్తూపము ఉండెనని ఒకప్పుడు ఎవరూహించిరి? కారేపల్లి అడవి అంచున దున్ను రైతు నాగలికైనను, కృష్ణాతీరమున బావి త్రవ్వు కూలివాని గడ్డపారకైనను నాణెమొకటి తగులవచ్చును. నలుపెక్కిన ఆ చిన్న బిళ్లను తోమివేయక, కరగింపక, దొరకిన చోటును గుర్తుంచుకొని పాఠశాల ఉపాధ్యాయునికి చూపిన బాలుడు చరిత్రకు గొప్ప ఉపకారము చేసినవాడగును. శాతకర్ణి నహపానుని నాణెములను కరగింపక తన ముద్ర వేయుటచేతనే ఇరువురి చరిత్రయు మనకు దక్కినది.