బందరులో నోబుల్ గారి బడి

నోబుల్ కాలేజీ పేరు కృష్ణా జిల్లాలో వినని వాళ్ళుండరు. ఇంగ్లీషులో నోబుల్ అంటే గొప్ప అని కాబట్టి ఆ పేరు పెట్టుంటారని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక మనిషి ఇంటిపేరు. రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్. 1809లో ఇంగ్లండులో పుట్టాడు, కేంబ్రిడ్జిలో చదివాడు, 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున మచిలీపట్నం వచ్చాడు. మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. 24 ఏళ్ళు ఇక్కడే ఉండి ఇక్కడే చనిపోయారు. పెళ్ళి కూడా చేసుకోలేదు.

ఆయన ఒక్కరే రాలేదు. తోడుగా హెన్రీ ఫాక్స్ అనే ఆయన, భార్యతో కలిసి వచ్చారు. ఫాక్స్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన కుర్రాడు, వయసు ఇంకా పాతిక లేదు. ఇద్దరూ పని పంచుకున్నారు. ఊళ్ళు తిరిగి, సంతల్లో, తిరునాళ్ళలో సువార్త చెప్పేది ఫాక్స్. ఒక్కచోట కూర్చుని పిల్లలకి చదువు చెప్పేది నోబుల్. ముందు ఇద్దరూ తెలుగు నేర్చుకోవాలి. మనం ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు ఒత్తుల దగ్గర తడబడుతుంటాం, వాళ్ళు ఒకరు ముప్ఫై దాటాక, ఒకరు పాతికకి దగ్గర్లో అక్షరాల నుంచి మొదలుపెట్టారు. నోబుల్ గారు దానికి రెండేళ్ళు కేటాయించి, 1843 నవంబరులో బడి తెరిచారు. ఇంగ్లీషు చదువు, దాంతోపాటు బైబిలు. బైబిలు క్లాసు వద్దంటే సీటు లేదు.

ఆ తర్వాత వరసగా అన్నీ దెబ్బలే. 1845లో ఫాక్స్ గారి భార్య ఎలిజబెత్ చనిపోయారు. ఆయన పిల్లల్ని ఇంగ్లండులో అప్పగించి మరుసటి ఏడాది ఒంటరిగా తిరిగొచ్చారు. ఆరోగ్యం నిలబడలేదు. 1848లో మళ్ళీ వెళ్ళిపోవాల్సి వచ్చింది, ఆ ఏడాదే అక్టోబరులో 31 ఏళ్ళకే పోయారు. కలిసి ప్రార్థన చేసుకున్న మనిషి, కలిసి భాష నేర్చుకున్న మనిషి లేకుండా పోయాడు. బందరులో నోబుల్ గారి పని మాత్రం ఆగలేదు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. బడి తెరిచింది 1843లో. ఆ బడి నుంచి మొదటిసారి ఇద్దరు కుర్రాళ్ళు బాప్తిస్మం తీసుకున్నది 1852లో. మధ్యలో దాదాపు తొమ్మిదేళ్ళు. ఒక సెమిస్టర్ రిజల్ట్ పోతేనే దేవుడు నా ప్రార్థన వినట్లేదని డిసైడ్ అయిపోయే వయసు మనది. యోసేపు జైల్లో రెండేళ్ళు మర్చిపోబడ్డాడని సండే స్కూల్లో చెప్తే అది చాలా ఎక్కువ అనిపించేది. తొమ్మిదేళ్ళు రోజూ అదే గది, అదే పాఠం, ఆ పని దేనికి వస్తుందో ఏ సూచనా లేదు. ఆయన ఏ రోజూ నిరుత్సాహపడలేదని నేను అనను, అలా రాస్తే అది బొమ్మ అవుతుంది. పొద్దున్నే లేచి క్లాసుకి వెళ్ళడమే ఆయన విశ్వాసం అనుకుంటాను.

ఆ ఇద్దరు కుర్రాళ్ళు ఐనాల భూషణం, మంచాల రత్నం. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు వెలమలు. ఇల్లు వదిలి నోబుల్ గారి దగ్గరికి వచ్చేశారు. ఊరు అట్టుడికిపోయింది. బంధువులు వచ్చి ఏడ్చారు, బతిమాలారు, జనం గుమిగూడారు. మిషనరీ కథల్లో ఈ ఘట్టాన్ని విజయంలా రాస్తారు. కన్నకొడుకు బతికుండగానే దూరమైపోయాడనుకున్న తల్లి వైపు నుంచి కూడా చూడాలి కదా. మర్నాటి నుంచి బడి దాదాపు ఖాళీ అయిపోయింది. అంటే దేవుడు ఆయన ప్రార్థన విన్న రోజే ఆయన కట్టుకున్నదంతా కూలినట్టయింది. మళ్ళీ ఒక్కొక్కరే వచ్చారు, మళ్ళీ బడి నిండింది. తర్వాతి కాలంలో ఇంకొందరు క్రైస్తవులయ్యారు. వాళ్ళలో జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కేంబ్రిడ్జి దాకా వెళ్ళి చదువుకుని, మిషనరీగా మన దేశానికే తిరిగొచ్చాడు. రత్నం, భూషణం ఇద్దరూ పాస్టర్లయ్యారు.

ఆయన్ని మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పాలి. నోబుల్ గారు తన బడిలో మాల మాదిగ పిల్లల్ని చేర్చుకోలేదు. వాళ్ళని చేర్చుకుంటే పై కులాల వాళ్ళు పిల్లల్ని మానిపించేస్తారని ఆయన భయం. ముందు పైవాళ్ళు మారితే కిందివాళ్ళ దాకా వెలుగు తనంతట తనే దిగుతుందని ఆయన ప్లాన్. అది తప్పు. అప్పటి పరిస్థితులు వేరు అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, యేసు ఎవరి ఇంట్లో భోజనానికి కూర్చున్నాడో రోజూ చదివి చెప్పే మనిషికి ఆ సర్దుబాటు సరిపోదు.

ప్లాన్ ఎలా తిరగబడిందో చూడండి. అదే సొసైటీకి చెందిన డార్లింగ్ అనే మిషనరీ బెజవాడలో పనిచేసేవారు. ఆయనకీ ఏళ్ళ తరబడి చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1859లో రాఘవాపురం నుంచి పగోలు వెంకయ్య అనే మాల ఆయన వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. ఎవరో వచ్చి ఒప్పిస్తే మారిన మనిషి కాదు. అంతకు ముందే విగ్రహాలు వదిలేసి, పేరు తెలియని దేవుడిని వెతుక్కుంటున్నవాడు. ఆయన వెనక ఆయన వాళ్ళు, వాళ్ళ వెనక పక్క ఊళ్ళు. ఈరోజు కృష్ణా డెల్టాలో ఏ పల్లెకి వెళ్ళినా కనిపించే చర్చిల్లో చాలావాటి మూలం ఆ వైపు నుంచి వచ్చిందే. నోబుల్ గారు 16 ఏళ్ళుగా బడి తలుపు దగ్గరే ఆపేసిన వాళ్ళ నుంచి వచ్చింది. ఆయన ప్రార్థనకి జవాబు వచ్చింది, కానీ ఆయన అడ్రసుకి రాలేదు.

1864 నవంబరు 1 రాత్రి బందరు మీద తుఫాను పడింది. ఉప్పెన నీళ్ళు మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చాయి. దాదాపు 30,000 మంది చనిపోయారు. బందరు కోటలో ఉన్న సైన్యాన్ని కూడా ఆ తర్వాత తీసేశారు, ఊరు మళ్ళీ పాత వైభవానికి రాలేదు. మిషన్ హాస్టల్లో ఉండే ఆడపిల్లలు కొందరు ఆ రాత్రి నీళ్ళలో పోయారు. దివిసీమ వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, 1977 ఉప్పెన గురించి వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ మాట్లాడుకుంటారు. అంతమంది ఎందుకు పోయారు అని అడిగితే దేవుని చిత్తం అని వెంటనే జవాబు చెప్పేవాళ్ళంటే నాకు కొంచెం భయం. అప్పటికి నోబుల్ గారికి 55 ఏళ్ళు, ఒంట్లో ఓపిక అయిపోయింది. బతికి బయటపడ్డారు. ఇంగ్లండు వెళ్ళిపోవడానికి అంతకన్నా మంచి కారణం ఎవరికీ దొరకదు. ఆయన వెళ్ళలేదు.

ఏడాది తిరగకుండానే, 1865 అక్టోబరు 17న కన్నుమూశారు. బందరులోనే సమాధి చేశారు. తర్వాత బడి కాలేజీ అయింది, ఆయన పేరే నిలిచింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ పాఠాలు చెప్పారు. బందరు పెద్దలు ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అక్కడ చదువుకున్నవాళ్ళే. తెల్లదొరల పాలన పోవాలని కృష్ణా పత్రికలో ఏళ్ళ తరబడి సంపాదకీయాలు రాసింది ఆ ముట్నూరి వారే.