ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్: డిగ్రీ లేని ఇంజినీరు, లాభం చూడని కారు

మెకానికల్ వాళ్ళకి డీజిల్ తెలుసు, ఆటో తెలుసు, ఫోర్డ్ సరేసరి. ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్ పేరు మాత్రం మన సిలబస్‌లో ఎక్కడా కనపడదు. ఆయన ఇంజినీరింగ్ కాలేజీ గడప తొక్కలేదు కాబట్టి ఆ లెక్క సరిపోయిందనుకోవచ్చు.

1876లో జర్మనీలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం అమెరికా వెళ్ళి అయోవా రాష్ట్రంలో స్థిరపడింది. అయోవా అంటే కనుచూపు మేర మొక్కజొన్న చేలు. అక్కడ వ్యవసాయ యంత్రాలు బాగుచేస్తూ పని నేర్చుకున్నాడు. తర్వాత సైకిళ్ళు తయారుచేశాడు, వాటి మీద తనే రేసులు తొక్కాడు. తను చేసిన బండిని తనే పరీక్షించే అలవాటు అప్పుడే పట్టుకుంది, చివరి వరకు వదల్లేదు. తమ్ముడు ఆగస్ట్‌ని అందరూ ఆగీ అనేవాళ్ళు. బొమ్మ గీసేది ఎక్కువగా అన్న, దాన్ని లోహంలోకి దించేది తమ్ముడు.

1906లో మేసన్ అనే లాయరు డబ్బు పెడితే ఆయన పేరుతోనే ఒక కారు చేశారు. 1913లో సెయింట్ పాల్‌లో సొంత పేరుతో ఇంజిన్ల కంపెనీ పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల ఇంజిన్ల పని చేశారు. 1920కి ఇండియానాపోలిస్ చేరారు. రేస్ ట్రాక్ ఆ ఊళ్ళోనే ఉంది మరి.

ఇక్కడొక మెలిక ఉంది. ఫ్యాక్టరీ గేటు మీద పేరు డ్యూసెన్‌బర్గ్‌దే గానీ పెట్టుబడి వేరేవాళ్ళది. అన్నదమ్ములిద్దరూ జీతానికి పనిచేసే ఇంజినీర్లు.

1921 జూలైలో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో గ్రాండ్ ప్రీ జరిగింది. డ్యూసెన్‌బర్గ్ డ్రైవర్ జిమ్మీ మర్ఫీ ప్రాక్టీసులోనే బోల్తా పడి పక్కటెముకలు దెబ్బతీసుకున్నాడు. అయినా కట్లు కట్టించుకుని వచ్చి సీట్లో కూర్చున్నాడు. రోడ్డంతా రాళ్ళు లేచిపోయి ఉంది, చివర్లో ఒక రాయి తగిలి రేడియేటర్‌కి చిల్లు పడింది, టైరూ పోయింది. ఐనా గెలిచాడు. మిగతావాళ్ళ కంటే మర్ఫీ మలుపుల దగ్గర ఆలస్యంగా బ్రేక్ వేయగలిగాడు. ఎందుకంటే ఆ కారుకి నాలుగు చక్రాలకీ హైడ్రాలిక్ బ్రేకులున్నాయి. అమెరికన్ డ్రైవర్ అమెరికన్ కారులో యూరప్ గ్రాండ్ ప్రీ మళ్ళీ గెలవడానికి 1967 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ గెలుపు తర్వాత జనం షోరూమ్‌కి పరుగెత్తాలి కదా? పరుగెత్తి ఏం లాభం, అమ్మడానికి కారు ఉంటేగా! మోడల్ ఎ అనే ప్యాసింజర్ కారుని 1920 చివర్లోనే ప్రదర్శించారు. ఆ తర్వాత ఫ్రెడ్‌కి ఆ ఇంజిన్ నచ్చలేదు. ఓవర్‌హెడ్ కామ్‌షాఫ్ట్ పెట్టాలని మొత్తం మళ్ళీ డిజైన్ చేశాడు. ఉత్పత్తి మొదలయ్యేసరికి 1921 అయిపోవచ్చింది. హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చిన మొదటి అమెరికన్ ప్రొడక్షన్ కారు అదే, కానీ కొన్నేళ్ళు కలిపి అమ్ముడైనవి ఆరొందల పైచిలుకు మాత్రమే. నా దృష్టిలో ఫ్రెడ్ గొప్పతనం, ఆయన తలనొప్పి రెండూ ఈ ఒక్క నిర్ణయంలోనే ఉన్నాయి. సబ్మిషన్ రోజున కూడా సర్క్యూట్ మార్చే ఫ్రెండ్ మనందరికీ ఒకడుంటాడు.

1924లో సూపర్‌చార్జర్ పెట్టిన వాళ్ళ కారు ఇండియానాపోలిస్ 500 గెలిచింది. అదే ఏడాది కంపెనీ దివాలా తీసి రిసీవర్ చేతిలోకి పోయింది. 1925లో పీటర్ డిపాలో వాళ్ళ కారులోనే ఆ రేసుని సగటున గంటకి 100 మైళ్ళు దాటిన వేగంతో ముగించాడు, అలా చేసిన మొదటివాడు అతనే. అటు ట్రాక్ మీద రికార్డులు, ఇటు ఆఫీసులో అప్పులవాళ్ళు.

1926లో ఇ.ఎల్. కార్డ్ కంపెనీని కొన్నాడు. అమ్మకం అంటే ఏంటో తెలిసిన మనిషి. ఫ్రెడ్‌ని ఉంచుకుని, అమెరికాలో అన్నిటికన్నా పెద్ద, వేగమైన, ఖరీదైన కారు చెయ్యమన్నాడు. ఖర్చు గురించి ఆలోచించొద్దనే బాస్ ఏ ఇంజినీరుకైనా జీవితంలో ఎన్నిసార్లు దొరుకుతాడు!

1928 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మోడల్ జె బయటికొచ్చింది. ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో, 6.9 లీటర్లు, రెండు కామ్‌షాఫ్ట్‌లు, సిలిండర్‌కి నాలుగేసి చొప్పున 32 వాల్వులు. కంపెనీ లెక్కన 265 హార్స్‌పవర్. క్రాంక్‌షాఫ్ట్ వణుకు తగ్గించడానికి దానికి పాదరసం నింపిన గొట్టాలు బిగించారు. చాసిస్‌కి గ్రీజు దానంతటదే అందేది, ఆయిల్ మార్చాల్సిన టైముకి డాష్‌బోర్డు మీద లైటు వెలిగేది. ఇప్పుడు మన బైకుల్లో సర్వీస్ రిమైండర్ చూసి మురిసిపోతాం, ఇది 1928 నాటి మాట. చాసిస్ ఒక్కటే 8,500 డాలర్లు. బాడీ వేరే కంపెనీతో కట్టించుకోవాలి, దాని ఖర్చు అదనం. ఫోర్డ్ కారు అప్పుడు 500 డాలర్ల చుట్టుపక్కల దొరికేది.

ఏడాదికి 500 కార్లు అమ్మాలని కార్డ్ ప్లాను. 1929 మే నెలలో డెలివరీలు మొదలయ్యాయి, అక్టోబర్‌లో వాల్ స్ట్రీట్ కూలింది. అప్పటికీ డబ్బున్నవాళ్ళు కొందరున్నారు. హాలీవుడ్‌లో గ్యారీ కూపర్, క్లార్క్ గేబుల్ కొన్నారు, మన ఇండోర్ మహారాజా యశ్వంత్ రావ్ హోల్కర్ కూడా ఒకటి తెప్పించుకున్నాడు. కానీ బయట బ్రెడ్డు కోసం జనం వరసలో నిలబడి ఉంటే ఇరవై అడుగుల కారులో వెళ్ళడానికి డబ్బున్నవాళ్ళకీ మొహమాటమే.

ఫ్రెడ్ మాత్రం ఆగలేదు. మోడల్ జెకి సూపర్‌చార్జర్ బిగించి 320 హార్స్‌పవర్ అన్నాడు. 1932 జూలై 2న అలాంటి కారునే తను నడుపుకుంటూ న్యూయార్క్ వైపు నుంచి ఇంటికి వస్తున్నాడు. పెన్సిల్వేనియా కొండల్లో, తడి రోడ్డు మీద కారు అదుపు తప్పి బోల్తా పడింది. ఆసుపత్రిలో కోలుకుంటున్నాడనే అనుకున్నారు. ఇంతలో న్యుమోనియా వచ్చింది. యాంటీబయాటిక్స్ ఇంకా అందుబాటులోకి రాని రోజులు. జూలై 26న పోయాడు, వయసు 55.

ఆగీ అన్న పనిని కొంతకాలం ముందుకు తీసుకెళ్ళాడు. 1937లో కార్డ్ తన వ్యాపారాలు అమ్ముకోవడంతో ఫ్యాక్టరీ మూతపడింది. ఏడాదికి 500 అనుకున్న మోడల్ జె, మొత్తం తొమ్మిదేళ్ళలో తయారైంది 480 దాకా. వాటిలో ఎక్కువ శాతం ఇప్పటికీ ఉన్నాయి. గ్యారీ కూపర్ వాడినది 2018లో వేలానికొస్తే 2 కోట్ల 20 లక్షల డాలర్లు పలికింది.